ఇన్‌స్పెక్టరు ఒక్క పూటలో లెక్కపెట్టగలిగిందే బడిగా మిగిలింది

సర్కారు బడి గురించి ఎక్కడ మాట మొదలైనా రెండు పాత వాదాలు ఎదురొస్తాయి. మనకు బంగారంలాంటి చదువు ఉండేదని, మెకాలే వచ్చి పాడుచేశాడని ఒకరంటారు. దొరలు రాకముందు మనకు చదువే లేదని, ఉన్నా నాలుగు అగ్రహారాలు దాటలేదని ఇంకొకరంటారు. రెండింట్లోనూ కొంత నిజముంది. అయితే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఊరి ప్రాథమిక పాఠశాలకు వెళ్ళినా కంటికి కనిపించేదాన్ని ఈ రెండూ వివరించలేవు. రాగం తీసి ఎక్కాలు అప్పజెప్పడం, క్లాసు లీడరు, నిన్నమొన్నటిదాకా గోడకుర్చీ, తనిఖీకి వస్తున్నారనగానే బడంతా ఉలిక్కిపడటం, పదో తరగతి ఫలితాల శాతం: ఇవన్నీ ఒక్క చేతి మీదుగా వచ్చినవి కావు. కొన్ని పాతకాలపు అయ్యవార్లు ఊళ్ళో అరుగు మీద నడిపిన వీధిబడివి, కొన్ని కుంఫిణీవి, అంటే ఈస్టిండియా కంపెనీవి, కొన్ని జమీందార్లవి.

నా వాదన ఇది. వీధిబడిని ఎవరూ ఒక్క దెబ్బతో కూల్చలేదు. సర్కారు దాన్ని గ్రాంటు ఇచ్చి కొనుక్కుంది. కొనేటప్పుడు ఇన్‌స్పెక్టరు ఒక్క పూటలో లెక్కపెట్టగలిగినవాటికే వెల కట్టింది. వెల పలకనివి ఒక్కొక్కటే రాలిపోయాయి. ఇవాళ్టి బడి జబ్బుల్లో సగం ఆ బేరం నుంచి వచ్చినవే.

1822 జూన్‌లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో కలెక్టర్లందరికీ ఉత్తర్వు పంపాడు. మీ జిల్లాలో బడులెన్ని, చదివే పిల్లలెందరు, ఏయే కులాలవారు, రాసి పంపమన్నాడు. జవాబులన్నీ చేరి, వాటి మీద మన్రో తన అభిప్రాయం రాసేసరికి 1826 మార్చి అయింది. మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తంలో 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు తేలారు. విజయనగరం, బొబ్బిలి అప్పుడు విశాఖపట్నం జిల్లాలోవి. ఆ జిల్లా లెక్క 914 బడులు, 9,715 మంది. అంటే బడికి పదిమందో పదకొండుమందో. చికాకోలు, అంటే మన శ్రీకాకుళం, చాలాకాలం గంజాం జిల్లాతో నడిచింది. గంజాంలో బడులు ఇంతకంటే చాలా తక్కువ.

బడికి పదిమంది అన్న ఆ అంకె దగ్గర కాస్త ఆగాలి. పదిమందే కాబట్టి తరగతులు లేవు. నిన్న చేరినవాడు, మూడేళ్ళుగా చదువుతున్నవాడు ఒకే అరుగు మీద కూర్చునేవారు. ఎవడి పాఠం వాడిది.

లోపలి తీరును అందరికంటే వివరంగా రాసిపెట్టింది బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంబెల్. తెలుగుకు వ్యాకరణం రాసినవాడు కాబట్టి అరుగు మీద ఏం జరుగుతోందో అతనికి అర్థమైంది. 1823లో అతను పంపిన నివేదిక ప్రకారం బడి పొద్దున్న ఆరింటికే మొదలు. అందరికంటే ముందొచ్చిన పిల్లాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు, అది గౌరవం. రెండోవాడి చేతిలో సున్న. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చేవాడికల్లా ఒక్కోటి ఎక్కువ. చదవక బద్ధకించినవాణ్ణి దూలానికి చేతులు కట్టి వేలాడదీయడం, ఆపకుండా గుంజీలు తీయించడం కూడా ఆ నివేదికలోనే ఉన్నాయి. మొదటిదాన్ని మన పెద్దలు కోదండం అనేవారు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా హింసించడాన్ని నిషేధించింది. బెత్తాన్ని ఇంగ్లీషు చదువు తెచ్చిపెట్టిందనేవారు కాంబెల్ రాసిన ఈ పేజీ ఒక్కటి చదివితే చాలు.

అక్షరం మొదట ఇసుకలోనే. ఇందులో ఉన్న తెలివి ఇప్పటికీ పనికొస్తుంది కాబట్టి వివరంగా చెబుతాను. నాగావళి ఒడ్డునో వంశధార ఒడ్డునో దొరికే సన్న ఇసుకను జల్లించి, ఎండబెట్టి, అంచున్న పళ్ళెంలో అర అంగుళం మందాన పరచాలి. పిల్ల చూపుడువేలితో అక్షరాన్ని అరచేయంత పెద్దదిగా దిద్దుతుంది. తప్పొస్తే అరచేత్తో చదును చేస్తే సరి, తప్పు తాలూకు మరక మిగలదు. నాలుగైదేళ్ళ పిల్ల వేళ్ళకు పెన్సిలు పట్టు ఇంకా రాదు. బిగించి పట్టుకుంటే మణికట్టు కదలదు, అక్షరం వంకర పోతుంది. ఇసుకలో భుజం నుంచి వేలిదాకా మొత్తం చెయ్యి ఆ ఒంపు నేర్చుకుంటుంది. ఇసుక తడిగా ఉంటే గీత గట్టు కట్టి విరుగుతుంది, గరుకుగా ఉంటే గోరు కింద గుచ్చుకుంటుంది, మందం ఎక్కువైతే వేలు కూరుకుపోయి 'ఱ', 'ఠ' లాంటి గుండ్రటి అక్షరాలు మూసుకుపోతాయి. తర్వాత పలక, ఆ తర్వాత తాటాకు. ఇప్పుడు మూడేళ్ళ పిల్ల చేతికి నాలుగు గీతల కాపీబుక్కు ఇస్తున్నాం. ఎందుకంటే కాపీబుక్కును తల్లిదండ్రులకు చూపించవచ్చు, తనిఖీలో తిరగేయవచ్చు. ఇసుకలో దిద్దింది సాయంత్రానికి మిగలదు.

లెక్కలది ఇంకా గట్టి కథ. ఎక్కాలు బట్టీ పట్టించారని తేలిగ్గా అనేస్తాం. ఆ ఎక్కాలు దేనికోసమో చూడాలి. రూపాయికి నాలుగు పావలాలు, పావలాకు నాలుగు అణాలు, అణాకు నాలుగు కానులు. కొలతల్లో నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. భిన్నాలు కూడా నాలుగో వంతు, దానిలో నాలుగో వంతు వీసం, వీసంలో నాలుగో వంతు కాని. డబ్బుకూ ధాన్యానికీ అంకెకూ దాదాపు ఒకటే మెట్ల వరస. బడిలో నోటికొచ్చింది అంగట్లో చేతికొచ్చేది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాక ఆ భిన్నాల ఎక్కాలకు పని లేకుండా పోయింది. అది సహజమే, దశాంశం సులువు. అయితే లెక్కకు ఊరి బేరసారాలతో ఉన్న సంబంధం అప్పటికే తెగిపోయింది. నాణెం మారడం ఆ తెగినదాని మీద చివరి దెబ్బ మాత్రమే.

పద్యాల సంగతి వేరు. పిల్లలు లెక్కలేనన్ని పద్యాలు గడగడా అప్పజెబుతారు గానీ అర్థం చిలక్కెంత తెలుసో వీళ్ళకూ అంతేనని కాంబెల్ రాశాడు. ఇది కూడా నిజమే, దీన్ని దాచి వీధిబడిని పొగడకూడదు. అదే నివేదికలో ముందుకెళ్ళిన పిల్లలు వెనకున్నవాళ్ళకు చెబుతూ తాము గట్టిపడే పద్ధతిని మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దాన్ని అనుకరించడం సబబేనన్నాడు. ఆ మాట వెనక చిన్న చరిత్ర ఉంది. ఆండ్రూ బెల్ అనే పాదిరీ 1789 నుంచి మద్రాసులో సైనికుల అనాథ పిల్లల ఆశ్రమం చూసేవాడు. వీధిబడి పిల్లలు ఇసుకలో దిద్దడం, పెద్దవాడు చిన్నవాడికి చెప్పడం చూసి తన బడిలో పెట్టాడు. 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం వేశాడు. తర్వాత కొన్ని దశాబ్దాల పాటు ఇంగ్లండు బీదపిల్లల బడులు 'మద్రాసు పద్ధతి'లో నడిచాయి. అయితే అక్కడ ఒక్క మేస్టరు కింద వందలమంది పిల్లల్ని కూర్చోబెట్టారు. పదిమంది అరుగుకు సరిపోయిన పద్ధతి ఖర్చు తగ్గించే యంత్రమైపోయింది. మన క్లాసు లీడరు ఆ రెండో రకానికి వారసుడు. పాఠం చెప్పడు, అల్లరి చేసినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాస్తాడు.

ఇక అయ్యవారి బతుకు. పిల్లాడికి నెలకు నాలుగణాల నుంచి ఎనిమిదణాల దాకా ముట్టేదని, మొత్తం మీద ఆయన సంపాదన నెలకు ఆరేడు రూపాయలు మించదని మన్రో రాశాడు. లోటు పండగలకు పూడ్చుకోవాలి. దసరాకు పిల్లల చేతికి విల్లంబులిచ్చి ఇంటింటికీ తిప్పి 'అయ్యవారికి చాలు ఐదు వరహాలు, పిల్లవాళ్ళకు చాలు పప్పుబెల్లాలు' అని పాడించడం వేడుకే, పొట్టకూడు కూడా. ఇలా ఊరి దయ మీద బతికే అయ్యవారు ఊరి పెద్దలకు నచ్చనిది చెప్పలేడు, ఊరు దూరంగా పెట్టినవారిని అరుగు ఎక్కించలేడు. విశాఖపట్నం జిల్లా లెక్కలో చదివే పిల్లల్లో దాదాపు సగం బ్రాహ్మలే. ఆడపిల్లలు నామమాత్రం. దళితులకు అక్షరం చెప్పే పని ఎక్కువగా మిషన్ బడులు అందుకున్నాయి. లండన్ మిషనరీలు 1805లోనే విశాఖపట్నం చేరారు. ఆ తర్వాత బొబ్బిలి, శ్రీకాకుళం, టెక్కలి వైపు కెనడా బాప్టిస్టులు వచ్చారు. వీధిబడిని తలుచుకుని కళ్ళు చెమర్చుకునేవారు ఈ పేరా దాటేయకూడదు. బడి తలుపు అందరికీ తెరవాల్సిందే. ఆ తెరిచే పనికి సర్కారు ఎంచుకున్న దారి మీదే నా తగాదా.

మన్రోకు మంచి ఆలోచనే ఉండేది. ప్రతి తాసిల్దారీకి ఒక బడి, నెలకు తొమ్మిది రూపాయల జీతం. జిల్లా కేంద్రంలో పైస్థాయి బడి, అక్కడ పదిహేను రూపాయలు. పంతులుకు నిలకడైన జీతముంటే చదువు బాగుపడుతుందన్నది అందులోని సూత్రం. 1827లో మన్రో కలరాతో పోయాడు. ఆ బడులు కొన్నాళ్ళు ఈడ్చి మూతపడ్డాయి. 1835 తర్వాత డబ్బు ఇంగ్లీషు చదువు వైపు మళ్ళింది. 1854లో లండన్‌లో ఇండియా వ్యవహారాలు చూసే చార్లెస్ ఉడ్ పంపిన తాఖీదుతో విద్యాశాఖ, ఇన్‌స్పెక్టర్లు, గ్రాంటులు వచ్చాయి. ఊరి బడులు వేలల్లో ఉన్నాయి, సర్కారు దగ్గర డబ్బు కొంచెమే. అప్పుడే ఇంగ్లండులో 1862లో మొదలైన పద్ధతి మద్రాసుకూ చేరింది. ఫలితాన్ని బట్టి గ్రాంటు.

దాని నడక చూడండి. ఏడాదికోసారి ఇన్‌స్పెక్టరు వస్తాడు. పిల్లల్ని స్టాండర్డులుగా, అంటే తరగతుల వారీగా నిలబెట్టాలి. చదవడం, రాయడం, లెక్కలు: ఒక్కో దాంట్లో నెగ్గిన ఒక్కో పిల్లాడికి ఇంత చొప్పున అయ్యవారికి డబ్బు. ఆ ఏడాదిలో ఇన్ని రోజులు బడికొచ్చాడని హాజరు పట్టీ చూపాలి. కాగితం మీద ఇది ఎంతో న్యాయంగా ఉంటుంది. పని చేసినవాడికే డబ్బు కదా!

ఇప్పుడు ఆ అయ్యవారి వైపు నుంచి లెక్క వేయండి. నెగ్గడని తెలిసిన పిల్లాడి మీద పెట్టిన గంట దండగ. ఎలాగూ నెగ్గేవాడి మీద పెట్టినదీ దండగే. నెగ్గీ నెగ్గకుండా అంచున ఉన్నవాణ్ణే తోముతూ కూర్చోవాలి. వాచకంలో ఇన్‌స్పెక్టరు ఏ పేజీ తీస్తాడో తెలియదు కాబట్టి పుస్తకమంతా కంఠస్థం చేయించడం ఒక్కటే పూచీ. పద్యాల కోసం ఉన్న బట్టీ పాఠానికి పాకింది ఇలాగే. ఉత్తరం రాయడం, దస్తావేజు చదవడం, చిట్టా ఆవర్జా, అంటే జమాఖర్చుల పద్దులు రాయడం ఇన్‌స్పెక్టరు పట్టికలో లేకపోతే వాటికి దమ్మిడీ రాదు. పెద్దవాడు చిన్నవాడికి చెప్పే సమయానికి విలువ లేదు. అన్నిటికంటే పెద్ద మార్పు, ఎవడి పాఠం వాడిదిగా ఉన్నచోట ఏడాది కొలతగా తరగతి గోడలు లేచాయి. ఒక స్టాండర్డు, ఒక ఏడు, ఒక పరీక్ష. కోతలకు వెళ్ళి రెండు నెలల తర్వాత వచ్చిన పిల్లాడు వీధిబడిలో వదిలినచోటి నుంచే అందుకునేవాడు. కొత్త బడిలో వాడు 'వెనకబడ్డవాడు'.

1904లో వైస్రాయి కర్జన్ ప్రభుత్వం ఫలితాల గ్రాంటుకు స్వస్తి చెప్పింది. అది పోయింది గానీ దాని చుట్టూ అల్లుకున్న అలవాట్లు పోలేదు. పదో తరగతి ఫలితాల్లో 2023, 2024, 2025 వరసగా మూడేళ్ళూ రాష్ట్రంలో మొదటిది మన రెండు జిల్లాల నుంచి విడదీసిన పార్వతీపురం మన్యం. కొండ ఊళ్ళ పిల్లలతో ఆ పంతుళ్ళు సాధించినదానికి చేతులెత్తి మొక్కాలి. కానీ ఒకటో తరగతిలో చేరినవాళ్ళలో పదిదాకా ఎందరు చేరారు, పది ప్యాసైన పిల్ల బ్యాంకు కాగితం ఒంటరిగా చదవగలదా అన్నది ఆ శాతంలో కనపడదు. అది ఆ జిల్లా తప్పు కాదు, కొలబద్ద తప్పు.

జమీందార్ల వాటా వేరు. విజయనగరం మహారాజా 1857లో పెట్టిన ఇంగ్లీషు బడి 1879కి కాలేజీ అయింది. 1860లో సంస్కృత కళాశాల, 1919లో ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాలుగా సంగీత కళాశాల. రాజు పోషణలో పండితుణ్ణి నిలిపే సంప్రదాయమే ఇక్కడ కాలేజీ రూపం ఎత్తింది. అందువల్ల విజయనగరానికి దక్కింది చాలా గొప్పది. దాని నీడలో ఒక లోటూ ఉంది. పై చదువు పట్నంలో ముందు వెలిసింది, ఊరి బడి చిట్టచివర. స్థానిక బోర్డులు, 1920 నాటి ప్రాథమిక విద్యా చట్టం వచ్చేదాకా పల్లెకు నిలకడైన డబ్బు లేదు.

విజయనగరం మహారాజా కాలేజీ చుట్టూ తిరిగినవారే పరీక్షకూ భాషకూ ఉన్న ముడిని అందరికంటే ముందు పట్టుకున్నారు. గురజాడ అప్పారావు అక్కడ చదివి, అక్కడే పాఠం చెప్పారు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి విజయనగరంలో ఆయన సహాధ్యాయి. బడి చదువు చివరి పరీక్ష స్కూల్ ఫైనల్‌లో తెలుగు వ్యాసం ఏ భాషలో రాయాలన్న తగవు వచ్చినప్పుడు గిడుగు, గురజాడ, విశాఖపట్నంలో పి.టి. శ్రీనివాస అయ్యంగారు, ఇన్‌స్పెక్టరు జె.ఎ. యేట్స్ వాడుక భాష వైపు నిలబడ్డారు. అవతల పాత పుస్తకాల భాష, అంటే గ్రాంథికమే ఉండాలన్న జయంతి రామయ్య పంతులు పక్షం. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం ఇచ్చారు. అయినా గ్రాంథికమే నెగ్గింది. దీన్ని మనం సాహిత్య వివాదంగా చదువుతాం గానీ ఇది అచ్చంగా బడి వివాదం. పిల్ల మాట్లాడేది ఒకటి, పరీక్షలో మార్కులు వచ్చేది మరొకటి అయితే సొంతంగా రాయడం ప్రమాదం, కంఠస్థం క్షేమం. గిడుగు ఏళ్ళ తరబడి వాదించింది ఇదే.

ఆయన అక్కడితో ఆగలేదు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ అక్కడి కొండల్లోని గిరిజనులు మాట్లాడే సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే చెప్పే బడులు సొంత ఖర్చుతో పెట్టారు. నూరేళ్ళ తర్వాత, ఈ శతాబ్దం మొదట్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో మొదటి తరగతుల వాచకాలు వేసింది. అందులో సవర ఒకటి. సీతంపేట కొండల్లో ఆ పని నిలబడాలంటే పుస్తకం ఒక్కటే చాలదు. సవర వచ్చిన పంతులు ఆ బడిలోనే ఉండాలి. బదిలీ అయితే పుస్తకం బీరువాలోకి పోతుంది.

ఇప్పుడు చేయగలిగినవాటికి వస్తాను. మన పల్లెల్లో చాలా ప్రాథమిక బడులు ఇద్దరు పంతుళ్ళతో ఐదు తరగతులు నడుపుతున్నాయి. ఒకరు మీటింగుకు వెళితే మిగిలేది ఒక్కరు. ఇది వీధిబడి పరిస్థితే, కానీ పుస్తకాలు, టైంటేబులు మాత్రం తరగతికో పంతులు ఉన్నట్టు రాస్తాం. అరుగు పద్ధతిని బుద్ధిగా వాడుకోవచ్చు. నాలుగైదుగురు చిన్నపిల్లలకు ఒక పెద్ద పిల్ల. ఇద్దరి మధ్య కనీసం రెండు తరగతుల తేడా ఉండాలి. ఒక్క తరగతే అయితే పెద్ద పిల్లకే సందేహాలుంటాయి, తప్పు గట్టిపడుతుంది. చెప్పబోయే ముందు ఆ పాఠాన్ని పంతులుకు ఒకసారి అప్పజెప్పాలి. ఇరవై నిమిషాలు మించకూడదు, మించితే ఆ పిల్ల తన చదువు పోగొట్టుకుంటుంది. వారం వారం మనిషి మారాలి. మారకపోతే చురుకైన పిల్లే ఎప్పుడూ పంతులమ్మ అవుతుంది, లేదా ఒకే ఇంటి పిల్లకు పెత్తనం అలవాటవుతుంది. చేతికి బెత్తం, పేర్లు రాసే పని రెండూ ఇవ్వకూడదు. చదివించడం, గుణింతం పలికించడం, ఎక్కం వినడం వరకే. కొత్త భావన చెప్పాల్సింది పంతులే.

లెక్కల్లో ఊరి లెక్క తిరిగి రావాలి. ఒక ఉదాహరణ చాలు. మన ఊళ్ళలో వడ్డీ నెలకు, నూటికి. 'రెండు రూపాయల వడ్డీ' అంటే ఏడాదికి 24 శాతం. ఒకప్పుడు పొదుపు సంఘాలకు ఇచ్చిన 'పావలా వడ్డీ' అంటే ఏడాదికి 3 శాతం. పుస్తకంలో మాత్రం వడ్డీ ఏడాదికి శాతంలోనే ఉంటుంది. బారువడ్డీ సూత్రం తప్పు లేకుండా రాసే పిల్ల, యాభై వేలు మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు పదిహేను వందలని, ఏడాదికి పద్దెనిమిది వేలని, బ్యాంకు భాషలో అది 36 శాతమని చెప్పలేక తికమకపడుతుంది. రెండు భాషల్లోనూ ఒకే లెక్క వేయించడానికి కొత్త పుస్తకం అక్కర్లేదు, రెండు పీరియడ్లు చాలు. తనిఖీకి వచ్చే అధికారి నోటుబుక్కులు తిరగేసే బదులు ఇలాంటి లెక్క ఒకటి నోటితో అడిగితే ఆ ఏడంతా బడి అదే నేర్పుతుంది. కొలబద్దకు ఉన్న బలం అంతటిది, నూటయాభై ఏళ్ళుగా చూస్తున్నాం.

చివరిగా వలస పిల్లలు. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి విశాఖ, విజయవాడ, హైదరాబాదు, చెన్నై పనులకు పోయే కుటుంబాలతో పిల్లలూ పోతారు. ఏడాది కొలతగా కట్టిన తరగతి గోడ అందరికంటే ముందు తగిలేది వీళ్ళకే. ఇక్కడ విద్యాహక్కు చట్టం వీధిబడి గుణాన్ని కొంత తిరిగి తెచ్చింది, వాడుకునేవాళ్ళే తక్కువ. 4వ సెక్షన్ ప్రకారం పిల్లను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడింది అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. 5వ సెక్షన్ ప్రకారం వెళ్ళేటప్పుడు అడిగితే ప్రధానోపాధ్యాయుడు వెంటనే టీసీ ఇవ్వాలి, అది ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోవడం ఆపకూడదు. ఏడాది మధ్యలో వచ్చినా కాదనడానికి వీల్లేదని 15వ సెక్షన్. పనులకు బయల్దేరే ముందు తల్లిదండ్రులు టీసీతో పాటు పిల్ల ఏ పాఠం దాకా వచ్చిందో, ఎక్కాలు ఎంతవరకు వచ్చో పంతులు చేత ఒక కాగితం మీద రాయించుకోవాలి. అవతలి బడి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో ఆ కాగితమే చెబుతుంది. దాని మీద సంతకం, తేదీ, బడి ఫోను నంబరు ఉండేలా చూసుకోండి. తిరిగొచ్చేటప్పుడు అక్కడి పంతులు చేత అలాంటిదే ఇంకొకటి రాయించుకు రండి.